ఇరకం ఊరికి నాలుగు ప్రశ్నార్థకాలు

పులికాట్ సరస్సు నడుమ ఇరకం అనే దీవి ఉంది. తడ మండలంలోనిది. స.వెం.రమేశ్ గారి "ప్రళయకావేరి కథలు" చదివిన మిత్రులకు ఆ నీళ్ళూ, ఆ దీవులూ, అక్కడి తెలుగూ కొత్తవి కావు. ఆ ఊరి పెద్దాయన ఒకరికి తోడుగా ఆ మధ్య ఒక కార్యాలయానికి వెళ్ళాను. కంప్యూటరు ముందు కూర్చున్న యువకుడు ఆయన చెప్పిన వివరాలన్నీ తెలుగులోనే శ్రద్ధగా టైపు చేశాడు. తెర మీద అక్షరాలన్నీ సలక్షణంగా కనిపించాయి. మీట నొక్కాడు. రసీదు అచ్చయి వచ్చింది. ఊరి పేరు ఉండవలసిన చోట నాలుగు ప్రశ్నార్థకాలు వరుసగా నిలబడి ఉన్నాయి.

పెద్దాయనకు చదువు రాదు. కానీ అవి అక్షరాలు కావని ఆయనకు తెలిసింది. "మా ఊరేందో ఈ మిసనుకు తెలవదా నాయనా?" అని నన్నడిగారు. ఆ యువకుడు మాత్రం ఏమీ ఆశ్చర్యపడలేదు. "ఇది మామూలే పెద్దాయనా, ఇంగ్లీషులో కొట్టిస్తాను ఉండండి" అన్నాడు.

ఆ "మామూలే" అన్న మాట నన్ను చాలాకాలం వేధించింది. నేను పొట్టకూటి కోసం సర్వర్ల పనే చేస్తాను గనుక ఆ నాలుగు ప్రశ్నార్థకాలు ఎక్కడ పుట్టి ఉంటాయో నాకు సుమారుగా తెలుసు. నాలుగే ఎందుకు, పన్నెండు ఎందుకు కాదు అన్నదానిలోనే జవాబు సగం ఉంది. ఈ సంగతి సాంకేతికుల గొడవ అని మనం పక్కన పెట్టేస్తున్నామనీ, అది నిజానికి భాష గురించి పట్టింపు ఉన్నవాళ్ళందరి గొడవ అనీ నా అభిప్రాయం. అది చెప్పడానికే ఈ టపా.

మనలో చాలామందికి తెలుగును కంప్యూటరులో రాయడం ఎంత కష్టంగా ఉండేదో గుర్తుంది. లేఖిని వచ్చి ఆ కష్టం తీర్చింది. ఒక్కొక్క పత్రికా ఒక్కొక్క సొంత ఖతిలో బిగించి పెట్టిన తెలుగును పద్మ విడిపించింది. రాయడం తీరింది, చదవడం తీరింది. మధ్యలో ఇంకొక ఘట్టం ఉంది. రాసినదాన్ని అవతలివాడు అందుకోవడం. ఫారం నింపి మీట నొక్కిన తరువాత, దత్తాంశం డేటాబేసుకు చేరేలోపల, సర్వరులోని ఒక మాడ్యూలు దాన్ని చేతుల్లోకి తీసుకొని విప్పుతుంది. ఆ విప్పడంలో ఏం జరుగుతుందో మనం ఎవరమూ చూడం. తప్పులన్నీ అక్కడే దాగి ఉంటాయి.

ఎలా విప్పుతుందో కొంచెం చెప్పాలి. ఫారములకు ఒక ప్రమాణరూపం 1995లో హెచ్‌టీఎంఎల్ 2.0 తో వచ్చింది. ఆ పద్ధతిలో ప్రతి గడి పేరునూ, అందులో రాసిన విలువనూ సమాన గుర్తుతో కలిపి, అటువంటి జంటలన్నింటినీ ఒకే పొడుగాటి దండగా గుచ్చి పంపుతారు. ఖాళీ జాగాకు బదులు కూడిక గుర్తు పెడతారు. ఆంగ్లాక్షరాలూ అంకెలూ ఉన్నవి ఉన్నట్టే పోతాయి. తెలుగు అక్షరాలు అలా పోవు. యూటీఎఫ్-8 పద్ధతిలో మన "ప" మూడు బైట్లు. ఒక్కొక్క బైటునూ శాతం గుర్తు, ఆ తరువాత రెండు పదహారాంశ అంకెలుగా రాస్తారు. అంటే మనం ఒక్క "ప" రాస్తే దారిలో నడిచేది తొమ్మిది గుర్తులు. "పులికాట్" అన్న మాట మన కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడుకు ఎనిమిది సంకేతాలు, ఎందుకంటే గుణింతాలూ పొల్లూ వేరువేరుగా లెక్క. నిల్వకు ఇరవైనాలుగు బైట్లు. దారిలో డెబ్బైరెండు గుర్తులు.

మాడ్యూలు చేయవలసిన పని దీన్ని వెనక్కు విప్పడం. ముందు దండను జంటలుగా తుంచాలి, ఆ తరువాతే శాతం సంకేతాలను విప్పాలి. ఈ వరుస తిరగబడితే, ఎవరైనా తన వాక్యంలో రాసుకున్న ఆంపర్శాండు గుర్తు కూడా గడుల మధ్య సరిహద్దుగా పొరపడబడుతుంది. ఇంకొక చిక్కు ఉంది. అపాచీ వంటి సర్వరులో వచ్చిన దత్తాంశం ప్రవాహం వంటిది. ఒక మాడ్యూలు చదివేస్తే అది అయిపోయినట్టే, వెనుక వచ్చే మాడ్యూలుకు ఏమీ మిగలదు. అందుకే చాలాకాలం మాడ్యూలు రాసే ప్రతివాడూ తన తంటాలు తాను పడ్డాడు. 2012లో వచ్చిన అపాచీ 2.4లో ఫారం దత్తాంశాన్ని విప్పి ఇచ్చే ప్రమేయాన్ని మూలభాగంలోనే చేర్చారు. చదివినదాన్ని తరువాతివారి కోసం దాచి ఉంచే మాడ్యూలును కూడా చేర్చారు. ఇవి మేలైన పనులే. కానీ ఆ ప్రమేయం శాతం గుర్తులను విప్పి బైట్లను చేతిలో పెడుతుంది, అంతే. ఆ బైట్లు ఏ సంకేత పద్ధతిలోవో అది చెప్పదు.

చెప్పలేదు కూడా. ఎందుకంటే పంపినవాడే చెప్పలేదు. ఈ పద్ధతిలో ఉన్న అసలు లోపం ఇది. ఉత్తరం వస్తుంది, అది ఏ లిపి పద్ధతిలో రాసినదో కవరు మీద ఉండదు. బ్రౌజర్లు పాటించే ఆనవాయితీ ఒకటి ఉంది. ఫారం ఉన్న పుట ఏ సంకేత పద్ధతిలో ఉందో, జవాబును కూడా ఆ పద్ధతిలోనే పంపడం. కనుక పుట ఇచ్చినవాడికీ, జవాబు పుచ్చుకొనేవాడికీ మాట కలిసి ఉండాలి. ఆ ఇద్దరూ వేరువేరు జట్ల మనుషులైతే, ఒకరు తెలుగు గురించి ఆలోచించి రెండోవారు ఆలోచించకపోతే, మధ్యలో ఇరకం మునుగుతుంది.

మునగడంలోనూ మూడు రకాలున్నాయి. వాటిని గుర్తు పట్టడం మీకూ తేలికే.

మొదటి రకం: పుట పాత పశ్చిమ ఐరోపా సంకేతంలో ఉంటుంది. దానిలో తెలుగుకు చోటు లేదు. అప్పుడు బ్రౌజరు ప్రతి సంకేతాన్నీ ఒక సంఖ్యగా మార్చి పంపుతుంది. "ప" అయితే 3114, దాని ముందొక ఆంపర్శాండూ హ్యాషూ, వెనుకొక సెమీకోలనూ. పుట మీద చూపించినప్పుడు ఇది ఒక్కొక్కసారి మళ్ళీ తెలుగుగానే కనిపిస్తుంది గనుక అంతా బాగున్నదనుకుంటాం. ఆ పేరును వెతికినప్పుడో, కాగితం మీద అచ్చు వేసినప్పుడో సంఖ్యల బారు బయటపడుతుంది.

రెండవ రకం: పుట యూటీఎఫ్-8లోనే ఉంటుంది, సర్వరు మాత్రం వచ్చిన బైట్లను పశ్చిమ ఐరోపా అక్షరాలుగా చదువుతుంది. అప్పుడు ఒక్కొక్క తెలుగు సంకేతం మూడేసి పిచ్చి గుర్తులవుతుంది. నెత్తిన గీత పెట్టుకున్న రోమను అక్షరమూ, దాని పక్కన డిగ్రీల సున్నో, కూడిక తీసివేతలు కలిసిన గుర్తో పదే పదే వచ్చే ఆ వరుసను తెలుగువాడెవడూ మరచిపోలేడు. జావా సర్వ్‌లెట్లలో ఈ జబ్బు చాలాకాలం ఉండేది. సంకేత పద్ధతి ఇదీ అని చెప్పే వీలు 2001లో వచ్చిన సర్వ్‌లెట్ 2.3తో కలిగింది. కానీ ఆ మాట గడుల విలువలను మొదటిసారి అడగడానికి ముందే చెప్పాలి. ఒక్క గడిని చదివిన తరువాత చెబితే పట్టించుకోదు. ఎన్ని తెలుగు పేర్లు ఆ ఒక్క వరుస తప్పి పాడై ఉంటాయో!

మూడవ రకం మన పెద్దాయనకు జరిగినది. "ఇరకం" యూనికోడులో నాలుగు సంకేతాలు: ఇ, ర, క, సున్న. రసీదులో నాలుగే ప్రశ్నార్థకాలు వచ్చాయంటే, ఎక్కడో ఒకచోట ఆ మాటను సరిగానే నాలుగుగా గుర్తించారన్న మాట. బైట్లను పొరపాటుగా చదివి ఉంటే పన్నెండు చెత్త గుర్తులు రావాలి. కనుక అందుకున్న మాడ్యూలు బహుశా తన పని సరిగానే చేసింది. ఆ తరువాత డేటాబేసుకు అందించేటప్పుడు తెలుగు లేని సంకేతంలోకి మార్చారు. ఇమడని ప్రతిదానికీ ఒక ప్రశ్నార్థకం పెట్టారు. మై ఎస్‌క్యూఎల్ వంటి ప్రసిద్ధమైన డేటాబేసు కూడా 2018లో 8.0 వచ్చేవరకు, ఎవరూ ఏమీ చెప్పకపోతే లాటిన్ సంకేతాన్నే వాడుకొనేది. మొదటి రెండు రకాల్లో పోయినదాన్ని కష్టపడి తిరిగి రాబట్టవచ్చు. ఈ మూడవ రకంలో రాబట్టలేము. ప్రశ్నార్థకం వెనుక "ఇ" ఉండేదో "క" ఉండేదో చెప్పే ఆనవాలు మిగలదు. ఇంత నష్టమూ ఒక్క హెచ్చరిక లేకుండా, "మీ దరఖాస్తు అందినది" అన్న సందేశంతో జరిగిపోతుంది.

నిడివి సంగతి మరొకటి. గడికి 20 అని హద్దు పెడతారు. ఇరవై ఏమిటి? బ్రౌజరు లెక్కలో అవి ఇరవై సంకేతాలు. ఒరాకిల్ డేటాబేసులో ప్రత్యేకంగా చెప్పకపోతే అవి ఇరవై బైట్లు. "తిరుపతి" అన్న మాట ఏడు సంకేతాలు, ఇరవైయొక్క బైట్లు. ఇరవై బైట్ల గడిలో తిరుపతి పట్టదు! జిల్లా పేరే ఆ జిల్లా ఫారంలో ఇమడదు. జాగ్రత్తపరుడైన మాడ్యూలు తిరస్కరిస్తుంది. అజాగ్రత్తపరుడైనది ఇరవయ్యో బైటు దగ్గర కోస్తుంది, అప్పుడు చివరి గుడి మూడింట రెండు వంతులు మిగిలి, ఏ లిపికీ చెందని ముక్కగా డేటాబేసులో పడి ఉంటుంది. సూళ్లూరుపేటకు ముప్పైమూడు బైట్లు కావాలి. "సుబ్రహ్మణ్యం" పలకడానికి నాలుగు అక్షరాలే, నిల్వకు ముప్పైయారు బైట్లు, దారిలో నూటయెనిమిది గుర్తులు. ఫారాన్ని చిరునామాలో అతికించి పంపే పద్ధతి అయితే అపాచీ సాధారణంగా ఒప్పుకొనే మొదటి వరుస నిడివి 8190 బైట్లు. ఆంగ్లంలో అది నాలుగైదు పుటల వ్యాసం. తెలుగులో తొమ్మిదివందల సంకేతాలకే నిండిపోతుంది.

ఇక అన్నింటికన్నా నన్ను ఎక్కువగా బాధించేది వడపోత. దుర్మార్గులు ఫారంలో విషపు వాక్యాలు రాసి డేటాబేసును పాడు చేస్తారన్న భయంతో, "అక్షరాలు తప్ప మరేవీ రానివ్వను" అని మాడ్యూలులో ఒక నియమం రాస్తారు. భయం న్యాయమైనదే. కానీ యూనికోడు వర్గీకరణలో మన గుణింతపు గుర్తులూ, పొల్లూ, సున్నా, విసర్గా "అక్షరాలు" కావు, "చిహ్నాలు". అక్షరాల వర్గాన్ని మాత్రమే రానిస్తే పులికాట్ "పలకట" అవుతుంది. తిరుపతి "తరపత" అవుతుంది. శ్రీహరికోట "శరహరకట" అవుతుంది. నేడు ఎంతో వాడుకలో ఉన్న పైథాన్ భాషలో కూడా, పదంలో భాగమైన గుర్తులు అని దాని సొంత పరికరంతో అడిగితే మన గుణింతాలను లెక్కలోకి తీసుకోదు. ఈ నియమం రాసినవారికి తెలుగు మీద ద్వేషమేమీ లేదు. వారి భాషలో అచ్చు హల్లు నెత్తికెక్కి కూర్చోదు, అంతే.

మన వైపు నుండి ఇంకా సూక్ష్మమైనవి ఉన్నాయి. "రాజ్‌కుమార్" అని రాసేటప్పుడు జ కింద క వత్తు పడకుండా ఆపే కంటికి కనిపించని గుర్తు ఒకటి పెడతాము. కనిపించనిదల్లా అనుమానాస్పదమని మాడ్యూలు దాన్ని తీసేస్తే "రాజ్కుమార్" అవుతుంది. ఐత్వం యూనికోడులో రెండు విధాల రాయవచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వమూ దాని కింది గుర్తూ విడివిడిగా. కంటికి రెండూ ఒకటే. అందుకొనేచోట రెండింటినీ ఒకే రూపానికి తేకపోతే, ఈ ఫారంలోని శైలజా ఆ ఫారంలోని శైలజా ఇద్దరు వేరు మనుషులవుతారు.

ఇంకా ఒకటి. పులికాట్‌కు దక్షిణపు గట్టున, తమిళనాడు వైపు, దాని తమిళ పేరులో ఒక అక్షరం ఉంది, మనం "ళ" అని సర్దుకొనేది. ఆ ధ్వనికి ప్రాచీన తెలుగు శాసనాల్లో లిపి ఉండేది. ఆ "ఴ" యూనికోడులో 2014లోనే చేరింది. పదాంతంలో వచ్చే పాత నకారపు పొల్లుకు 2021లో చోటు దొరికింది. 2010లో "తెలుగు అక్షరాలు ఇవీ" అని జాబితా రాసుకొని స్థిరపడిన మాడ్యూలు ఈ రెండింటినీ నేటికీ గుమ్మంలోనే ఆపేస్తుంది. లిపి పెరుగుతూ ఉంటుంది. చేత్తో రాసుకున్న జాబితా పెరగదు.

దీనికి రెండు ఆక్షేపణలు నేను తరచుగా వింటాను.

ఒకటి, "పేర్లు ఇంగ్లీషులో రాసుకుంటే సరిపోతుంది కదా" అన్నది. సరిపోదు. ఒక్క వెంకటయ్య ఆంగ్లంలో ఎన్ని విధాలుగా రాయబడతాడో మీరే ఊహించండి. రేషను కార్డులో ఒకటి, బ్యాంకు పుస్తకంలో ఒకటి, పట్టాలో మరొకటి. మూడూ ఒకరివేనని నిరూపించుకొనే బరువు ఆయన మీద పడుతుంది. ఆంగ్లంలో ణ-న తేడా లేదు, ళ-ల తేడా లేదు, దీర్ఘానికి నిలకడ లేదు. తెలుగులో ఒక పేరుకు సాధారణంగా ఒకే వర్ణక్రమం. నిరక్షరాస్యుడైన మనిషి కూడా పలికి చూపితే పక్కవాడు సరిగా రాయగలడు. అంటే కచ్చితత్వం కోసమే అయినా తెలుగు ఉండాలి. మర్యాద సంగతి ఆ తరువాత.

రెండవది, "భద్రత కోసం వడపోయక తప్పదు" అన్నది. భద్రత కావాలి. అయితే అది వచ్చినదాన్ని కత్తిరించడం వల్ల రాదు. డేటాబేసుకు ఆజ్ఞనూ విలువనూ వేరువేరుగా అందిస్తే, విలువలో ఏ విషం ఉన్నా అది ఆజ్ఞగా మారదు. పుట మీద చూపేటప్పుడు ఆ పుటకు తగినట్టు గుర్తులను మార్చి చూపితే అక్కడా ప్రమాదం ఉండదు. వచ్చినది సరైన యూటీఎఫ్-8 కాకపోతే మొత్తంగా తిరస్కరించి, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. నిశ్శబ్దంగా మార్చి పుచ్చుకోవడం మాత్రం చేయకూడదు. పీహెచ్‌పీవారు వచ్చిన ప్రతి గడిలోనూ తామే గుర్తులు చొప్పించే ఏర్పాటు ఒకటి ఏళ్ళ తరబడి నడిపి, చివరికి 2012లో 5.4తో దాన్ని తీసివేశారు. అందుకొనేచోట అతితెలివి పనికిరాదని వారికి అనుభవమే చెప్పింది.

ఇంతా చెప్పి నిందను అవతలివారి మీదే మోపితే న్యాయం కాదు. రూబీ ఆన్ రెయిల్స్ రూపకర్తలు 2010లో, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ యూటీఎఫ్-8లోనే పంపేలా చేయడానికి, ప్రతి ఫారంలోనూ కనిపించకుండా ఒక మంచుబొమ్మ గుర్తును పెట్టారు. తరువాత దాని బదులు టిక్కు గుర్తు పెట్టారు. తమ లిపి కాని లిపుల కోసం వారు ఆ మాత్రం ఆలోచించారు. మనం? తెలుగుదేశంలో, తెలుగువారి కోసం, తెలుగువాళ్ళమే ఫారములు రాస్తూ, పరీక్షించేటప్పుడు గడిలో ఏం కొడతాం? ఆంగ్లంలో "టెస్ట్" అని కొడతాం. ఏబీసీడీ అని కొడతాం. నేనూ ఎన్నో ఏళ్ళు అదే చేశాను. ఇరకం పేరు నా చేతుల మీదుగా కూడా ఎప్పుడో ఎక్కడో ప్రశ్నార్థకమై ఉండవచ్చు, నాకు తెలియదు. ఆ రోజు ఆ రసీదు చూసినప్పుడు నా చెవులు వేడెక్కడానికి కారణం అది.

ఇప్పుడు నేను పాటిస్తున్న నియమం చిన్నది. నేను రాసే ఏ ఫారమైనా ఆరు మాటలు దాటి రావాలి: ఇరకం, తిరుపతి, సుబ్రహ్మణ్యం, రాజ్‌కుమార్, శైలజ, చోఴ. ఇవి పోయి డేటాబేసులో కూర్చొని, వెతికితే దొరికి, కాగితం మీద అచ్చయి, మళ్ళీ తెర మీదికి ఉన్నవి ఉన్నట్టు వస్తేనే ఆ పని పూర్తయినట్టు. ఈ ఆరు మాటలను మీరూ వాడుకోండి. ప్రోగ్రాములు రాయని మిత్రులు కూడా, ఏ ఫారం ఎదురైనా పేరు గడిలో తెలుగులో ఒకసారి రాసి చూడండి. విరిగితే ఆ విరిగిన తీరును పై మూడు రకాల్లో ఏదో గుర్తించి సంబంధితులకు చెప్పండి. "తెలుగు రావడం లేదు" అంటే వారు చేతులెత్తేస్తారు. "మీ డేటాబేసు అనుసంధానం తెలుగు లేని సంకేతంలో ఉంది" అంటే తప్పించుకోలేరు. కొత్త పరికరాలన్నీ నేడు యూటీఎఫ్-8నే మొదట ఎంచుకుంటున్నాయి గనుక దిద్దుబాటు ఒకప్పటంత కష్టం కూడా కాదు. పాత వ్యవస్థలే మొండిగా మిగిలి ఉన్నాయి.

పులికాట్ జాలర్లకు ఒక విషయం బాగా తెలుసు. సముద్రం నుండి ఉప్పునీరు వచ్చే ముఖద్వారం ఇసుకతో పూడితే లోపలి చేప తగ్గుతుంది. సరస్సు పైకి నిండుగానే కనిపిస్తుంది, వల వేస్తేనే తెలుస్తుంది. అందుకే రాయదొరువు వంటి చోట్ల పూడిక తీయమని ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. అంతర్జాలంలో తెలుగు నేడు నిండుగా కనిపిస్తోంది. మనం సంతోషించవలసిందే. కానీ తెలుగు మనిషి తన పేరునూ ఊరినీ లోపలికి పంపే ద్వారం దగ్గర ఎంత ఇసుక మేట వేసిందో, వల వేసి చూసినవాళ్ళు తక్కువ.

ఆ రోజు పెద్దాయన దరఖాస్తు ఇంగ్లీషులోనే వెళ్ళింది. ఊరి పేరులో చివరి సున్నకు ఏ అక్షరం పెట్టాలో ఆ యువకుడు నన్నడిగాడు. నేను చెప్పాను. పడవ రేవుకు తిరిగి వస్తూ పెద్దాయన రసీదు మడిచి జేబులో పెట్టుకొని, "ఇప్పుడు మా ఊరు ఉండాదా అందులో?" అని అడిగారు. ఉంది అన్నాను. ఆ జవాబు నాకే పూర్తిగా నిజమనిపించలేదు.